గట్టి పెట్టె అంటే తడవని పెట్టె కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో వానాకాలంలో బండి జాగ్రత్తల గురించి వేశారు. టైర్లు, బ్రేకులు, చైనుకు నూనె, అన్నీ బాగానే చెప్పారు, నేనూ చదివి వెంటనే లేచి చైను చూసుకున్నాను. కానీ చివర్లో ఒక్క ముక్క రాశారు చూడండి, సామాను తడవకుండా ఉండాలంటే హార్డ్ బాక్సు పెట్టించుకుంటే సరిపోతుందని, అక్కడ ఆగిపోయాను. ఆ ముక్క నమ్మి నేను రెండు చీరలు పోగొట్టుకున్నాను. మీది చదివి కాదు లెండి, అప్పటికి మీరింకా రాయలేదు, బాక్సులమ్మిన షాపాయన చెబితే నమ్మాను. అదే మాట ఇప్పుడు పేపర్లో అచ్చయ్యేసరికి ఊరుకోలేక రాస్తున్నాను. పొడుగైతే కత్తిరించుకోండి, మీ ఇష్టం, కానీ కింద పేపరు పరీక్ష ఉన్న చోట మాత్రం కత్తెర పెట్టకండి.

నాది పిఠాపురం. ఉప్పాడ, కొత్తపల్లి మగ్గాల దగ్గర జాందానీ చీరలు తీసుకుని వైజాగ్‌లో, రాజమండ్రిలో తెలిసిన ఇళ్లకు, రెండు మూడు షాపులకు వేస్తుంటాను. పెద్ద వ్యాపారమేం కాదు, అంతా బండి మీదే. వెనక ఒక టాప్ బాక్సు, అటూ ఇటూ రెండు సైడ్ బాక్సులు, మూడూ నల్ల ప్లాస్టిక్‌వి. బస్సులో వెళ్లొచ్చు కదా అంటారు చాలామంది. ఒక్కరోజులో ఏడెనిమిది ఇళ్లు తిరగాలి, అక్కడ కూర్చుని చీర మడత విప్పాలి, మళ్లీ వేయాలి, బస్సు దిగి ఆటోలు మాట్లాడుకుంటూ కూర్చుంటే నాలుగిళ్లకే పొద్దు పోతుంది.

దసరాకు వారం ముందు సంగతి. పొద్దున్నే పదకొండు చీరలు సర్దుకుని బయల్దేరాను. కత్తిపూడి దాకా బాగానే వచ్చి, అన్నవరంలో కొండ కింద బండి పెట్టి పైకి వెళ్లి దర్శనం చేసుకుని దిగేసరికి రెండు గంటలు పట్టింది. బండి ఆ రెండు గంటలూ మిట్టమధ్యాహ్నం ఎండలో ఉంది. మబ్బు అప్పటికే సముద్రం వైపు కమ్ముకొస్తోంది, సరే వెళ్లిపోదాం అని బయల్దేరితే తుని దాటీ దాటగానే కుంభవృష్టి. నేను రెయిన్‌కోటు వేసుకున్నాను, చీరలకు పెట్టె ఉంది, ఇంకేం భయం అనుకుని ఎక్కడా ఆగలేదు. నక్కపల్లి దగ్గర లారీ పక్కనుంచి పోతూ నన్ను నిలువునా తడిపింది, అప్పుడు కూడా పెట్టె గురించి ఆలోచించలేదంటే ఎంత ధీమాగా ఉన్నానో చూడండి.

వైజాగ్‌లో మొదటి ఇంటి మెట్ల కింద నిలబడి కుడివైపు పెట్టె తెరిచాను. చీరల దొంతర పైన పొడిగా ఉంది. చెయ్యి లోపలికి పెట్టి దొంతర కింద నుంచి ఎత్తబోతే వేళ్లకు చల్లగా తగిలింది. అడుగున టీ గ్లాసుడు నీళ్లు. నీళ్లు పైనుంచి పడి తడిపితే కనీసం ముందే కనిపించేవి, ఇవి అడుగున చేరి కిందనుంచి పైకి పీల్చుకుంటూ వచ్చాయి, కొబ్బరిపీచు నీళ్లు తాగినట్టు.

అడుగున మూడు చీరలు. ఒకటి కాటన్, నీటి చారలే, ఉతికితే పోయాయి, అది బతికింది. రెండోది పట్టు, అంచు దగ్గర ముడతపడి మెరుపు చచ్చిపోయింది. మూడోది క్రీమ్ కలర్ చీర, ఎర్ర అంచు. ఆ ఎరుపు దిగి క్రీమ్‌లోకి బెత్తెడు మేర పాకింది. నెల రోజుల పైన మగ్గం మీద ఇద్దరు కూర్చుని ఒక్కో బుటా చేత్తో ఎక్కించి నేసిన చీర. అది నేసిన ముసలాయన దగ్గరికి వెళ్లి చీర చూపిస్తే కోప్పడలేదు, తిట్టలేదు. "అరెరే, వానలో ఎందుకు బయల్దేరావు నాయనా" అన్నాడంతే. డబ్బులు ముందే ఇచ్చేశాను కాబట్టి నష్టం ఆయనది కాదు, నాదే, అయినా నేనే ఆయనకేదో బాకీ ఉన్నట్టు అనిపించింది.

తర్వాత బాక్సులు కొన్న షాపుకి వెళ్లాను. షాపు పేరు, కంపెనీ పేరు రాయను, గొడవ వాళ్లొక్కరితోనే కాదు. ఆయన ముందు "మీరు మూత గట్టిగా నొక్కలేదేమోనండి" అన్నాడు. నొక్కకపోతే తాళం పడదు కదా అన్నాను. "అయితే లోపలి చెమటండి, గాలిలో తేమ ఉంటుంది కదా, చల్లబడితే నీరవుతుంది" అన్నాడు. వినడానికి సైన్సులాగే ఉంది, నేనూ తలూపుకుంటూ వచ్చేశాను. ఇంటికొచ్చి ఇంటర్ ఎంపీసీ చదివే మా అబ్బాయికి చెబితే వాడు పుస్తకం తీసి లెక్కేశాడు. 30 డిగ్రీల దగ్గర తేమ పూర్తిగా నిండిన గాలిలో కూడా ఘనపు మీటరుకి 30 గ్రాముల నీరే ఉంటుందట. నా పెట్టె 30 లీటర్లు. అంటే అందులో గాలిలోని తేమంతా పిండినా గ్రాము రాదు. టీ గ్లాసుడు ఎక్కడ, గ్రాము ఎక్కడ! చెమట మాట ఉత్తిదే. నీళ్లు బయటనుంచే వచ్చాయి.

పెట్టె వచ్చిన అట్టడబ్బా ఇంకా అటక మీదే ఉంది, దించి చూశాను. దాని మీద "వాటర్‌ప్రూఫ్" అని పెద్దక్షరాలు. అంతకు మించి ఒక్క అంకె లేదు. సెల్‌ఫోన్ల మీద ఐపీ 67, ఐపీ 68 అని రాస్తారే, అందులో మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీళ్లకి. రెండో అంకె 4 అయితే అన్ని వైపుల నుంచీ చిందే నీళ్లకు ఆగుతుందని. 5 అయితే సన్నటి గొట్టంతో నిమిషానికి పన్నెండున్నర లీటర్ల చొప్పున చిమ్మినా ఆగుతుందని. 7 అయితే మీటరు లోతులో అరగంట ముంచినా లోపల చెడిపోయేంత నీరు పోదని. ఇవన్నీ ప్రపంచమంతా ఒకే లెక్క. వాటర్‌ప్రూఫ్ అనే మాటకి మాత్రం ఏ లెక్కా లేదు, ఎవరికి నచ్చినట్టు వాళ్లు వేసుకోవచ్చు, మా వీధిలో సైకిల్ సీటు కవరు మీద కూడా ఉంది. హెల్మెట్‌కైతే ఐఎస్ 4151 అని ఒక అంకె ఉంది, 2021 జూన్ నుంచి ఆ ఐఎస్ఐ మార్కు లేని హెల్మెట్ అమ్మకూడదన్నారు. మా ఉప్పాడ చీరకి కూడా 2009లో జీఐ, అంటే ఇది ఈ ఊరి సరుకే అని చెప్పే గుర్తింపు వచ్చింది. ఆ చీరను మోసుకెళ్లే పెట్టె మీద ఒక్క అంకె లేదు.

ఇక పేపరు పరీక్ష. ఇది నేను కనిపెట్టిందని చెప్పుకోను, ఇంట్లో పైకప్పు కారే చోటు పట్టుకోవడానికి ఎవరైనా చేసే పనే. ముందు టార్చ్ పరీక్ష చేశాను, రాత్రి లైట్లు ఆర్పి, సెల్‌ఫోన్ టార్చ్ వెలిగించి పెట్టెలో పెట్టి మూసి చుట్టూ చూడటం. ఎక్కడా వెలుతురు రాలేదు. కానీ వెలుతురు తిన్నగా పోతుంది, నీళ్లు ఒంపులు తిరిగి పోతాయి, కాబట్టి వెలుతురు రాలేదు కదా అని సంబరపడకండి. తర్వాత పాత పేపర్లు తీశాను, మీ పేపరే. పెట్టె లోపల గుడ్డతో పొడిగా తుడిచి, అడుగున ఒక షీటు, నాలుగు గోడలకు నాలుగు షీట్లు, మూత లోపల ఒకటి టేపుతో అంటించాను. ఆదివారం అనుబంధం నున్నటి కాగితం వాడకండి, దాని మీద తడి వెంటనే తెలియదు, మామూలు పేజీలే మంచివి, ఒక్క చుక్క పడినా నల్లగా మచ్చ తేలుతుంది. పెట్టెని బండి నుంచి ఊడదీయకుండా, తాళం వేసి, రోడ్డు మీద ఎలా ఉంటుందో అలాగే ఉంచాలి. మా అబ్బాయి పైనుంచి చెంబుతో మూత అతుకు వెంట నెమ్మదిగా ఐదు నిమిషాలు పోశాడు. ఆ తర్వాత నేను కిందనుంచి, టైరు ఎగజిమ్మినట్టు, దోసిలితో కొట్టాను, ఆపైన మగ్గుతో కొట్టాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసి, చీరలు తడిసినప్పుడు చాలక ఇప్పుడు పెట్టెకు కూడా స్నానం చేయిస్తున్నారా అంది.

తెరిచే ముందు ఒక సంగతి. మూత చుట్టూ అతుకు మీద నిలిచిన నీళ్లు పొడిగుడ్డతో అద్ది తీసేయాలి. లేకపోతే మూత ఎత్తగానే ఆ చుక్కలు లోపల పేపరు మీద పడి, పెట్టె కారకపోయినా కారినట్టు మచ్చలు వస్తాయి. మొదటిసారి నేను అలాగే మోసపోయి అన్ని పెట్టెలూ కారుతున్నాయని గోల చేశాను. రెండోసారి సరిగ్గా చేస్తే కథ వేరుగా ఉంది. ఎడమ పెట్టె పూర్తిగా పొడి. కుడి పెట్టెలో వెనక గోడ మీద, మడతబందు మూల దగ్గర, బొటనవేలంత మచ్చ, అక్కడినుంచి సన్నగా జారుతూ అడుగుదాకా ఒక గీత, ఆ గీత క్రికెట్ స్కోరు మీదుగా పోయి మార్కెట్ ధరల దగ్గర ఆగింది. ఆ మూల దగ్గర రబ్బరు బీడింగు వేలితో తడిమితే తెలిసింది, చుట్టూ తిరిగొచ్చిన బీడింగు రెండు కొసలూ అక్కడే కలుస్తాయి, కానీ కలవలేదు. మధ్యలో బియ్యపుగింజంత సందు. ఆ సందు కూడా ఎక్కడ పెట్టారూ, నీళ్లు వచ్చి నిలిచే చోట పెట్టారు!

టాప్ బాక్సులో మూత వైపు ఏమీ లేదు. అడుగు పేపరు మీద మాత్రం రెండు గుండ్రటి మచ్చలు, గ్లాసు అడుగు పెట్టి తీసినట్టు. అవి బోల్టులు. పెట్టె బిగించేటప్పుడు మెకానిక్ కుర్రాడు ప్లేటు రంధ్రాలు కలవలేదని డ్రిల్లుతో రంధ్రాలు పెద్దవి చేశాడు, "ఏం కాదు బాబాయ్, కింద వైపే కదా, వాన పైనుంచి కదా పడేది" అన్నాడు. వాన పైనుంచే పడుతుంది, కానీ బండి నడుస్తుంటే వెనక టైరు నీళ్లని పైకే విసురుతుంది. వెనకాల మడ్‌గార్డు కింద ఉండే రబ్బరు ఫ్లాపు స్టైలు కోసం తీసేసిన కుర్రాళ్లకు ఇది ఇంకా బాగా తెలుస్తుంది, వాళ్ల వీపు మీద గీత ఉంటుంది.

ఇక్కడిదాకా వచ్చాక ఒకటి నాకు అర్థం కాలేదు. బియ్యపుగింజంత సందులోంచి ఐదు నిమిషాలు చెంబుతో పోస్తే వచ్చింది ఒక గీత. వానలో వెళ్లింది రెండు గంటలే అనుకున్నా టీ గ్లాసుడు ఎలా వచ్చాయి? ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. ఆ రోజు వైజాగ్‌లో ఎడమ పెట్టె, అదే పొడిగా ఉన్నది, మూత తీయబోతే రాలేదు. ఎవరో లోపలినుంచి పట్టుకున్నట్టు బిగుసుకుపోయింది, గట్టిగా లాగితే "చుప్" మని వచ్చింది. అప్పుడు పట్టించుకోలేదు.

మా అబ్బాయే చెప్పాడు, అది పీల్చుకోవడం నాన్నా అని. నల్ల పెట్టె, ఎండలో రెండు గంటలు. నేను నమ్మక గోడకు తగిలించే థర్మామీటరు తెచ్చి ఖాళీ పెట్టెలో పెట్టి ఎండలో ఉంచాను, 54 చూపించింది. అంత వేడి మీద ఉన్న పెట్టె మీద ఒక్కసారిగా వాన పడి లోపల 28కి దిగిందనుకోండి. 54లో 28 అంటే సగానికి సగం కదా, గాలి కూడా సగం అయిపోతుందా అని నేనంటే, వాడు నవ్వి "అలా కాదు, గాలి లెక్కకు అసలు సున్నా మైనస్ 273 దగ్గర ఉంటుంది, రెండింటికీ 273 కలపాలి" అన్నాడు. 327 నుంచి 301. అంటే గాలి నూటికి ఎనిమిది వంతులు ముడుచుకుంటుంది. 30 లీటర్ల ఖాళీ పెట్టెలో దాదాపు రెండున్నర లీటర్ల లోటు. చీరలుంటే గాలి తక్కువ కాబట్టి లోటు కూడా తక్కువే, అయినా లీటరు లీటరున్నర వేసుకోండి. ఆ లోటు పూడ్చుకోవడానికి పెట్టె ఎక్కడ సందు దొరికితే అక్కడినుంచి లోపలికి లాగుతుంది. ఆ సందు దగ్గర గాలి ఉంటే గాలిని లాగుతుంది, నీళ్లు నిలిచి ఉంటే నీళ్లని లాగుతుంది. కుడి పెట్టె సందు నీళ్లలో ఉంది. పిల్లలు కొబ్బరిబోండాంలో స్ట్రా వేసి తాగినట్టు తాగింది. ఎడమ పెట్టెకు సందు లేదు కాబట్టి ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది, అదీ ఆ "చుప్" శబ్దం.

ముంచి చేసే ఐపీ పరీక్షలో ఒక షరతు ఉందట, నీళ్ల వేడికీ వస్తువు వేడికీ ఐదు డిగ్రీలకు మించి తేడా ఉండకూడదని. న్యాయమే, పరీక్షకు ఒక పద్ధతి ఉండాలి. కానీ మన అక్టోబరు మధ్యాహ్నం ఆ షరతు చదువుకుని రాదు కదా. పైగా పరీక్ష చేసేది కొత్త పెట్టెకి, బల్ల మీద కదలకుండా ఉన్నప్పుడు. సామర్లకోట నుంచి రాజానగరం పోయే ఏడీబీ రోడ్డు మీద ఒక వానాకాలం తిరిగొచ్చిన పెట్టెకు ఎవరు చేస్తారు పరీక్ష?

ఇది తెలిశాక చాలా సంగతులు అర్థమయ్యాయి. ఖరీదైన కెమెరా పెట్టెలకు ఒక చిన్న మర ఉంటుంది, గాలి వదలడానికి, అదెందుకో ఇప్పుడు తెలిసింది. నా పెట్టెకు అది లేదు, కాబట్టి నేనే పెట్టాను. కుడి పెట్టె అడుగున, టైరుకు దూరంగా ఉన్న మూలలో, సన్న రంధ్రం చేసి, చేపల తొట్టెకు గాలి కొట్టే ప్లాస్టిక్ గొట్టం ముక్క బిగుతుగా దూర్చాను. లోపల మూడంగుళాలు పైకి లేచి చేతికర్ర పిడిలా వంగి ఉంటుంది, బయట కిందికి వేలాడుతుంది. ఇప్పుడు పెట్టెకు ఊపిరి కావాలంటే ఆ గొట్టంలోంచి తీసుకుంటుంది, అతుకుల దగ్గర నీళ్లు లాగాల్సిన పని లేదు. మంచి పెట్టెకు చేతులారా రంధ్రం చేస్తావా అని మెకానిక్ కుర్రాడు నోరు తెరిచాడు, నా నాలుగు బోల్టుల రంధ్రాలు పెద్దవి చేసినప్పుడు లేని బాధ!

అంత పని చేయలేనివాళ్లు, ఎండలోంచి వానలోకి వెళ్లేటప్పుడు, మొదటి చినుకులు పడేలోపే ఎక్కడైనా చూరు కింద ఆగి మూతలు ఒకసారి పూర్తిగా తెరిచి వేడి గాలి పోనిచ్చి మూసుకోండి. ఒక్క నిమిషం పని. ఎలాగూ రెయిన్‌కోటు వేసుకోవడానికి ఆగుతారు కదా.

బీడింగు సందుకి కొసల మధ్య చిన్న ముక్క పెట్టి రబ్బరు గమ్ముతో అతికించాను. బోల్టులకు లోపల ఒకటి బయట ఒకటి రబ్బరు వాషర్లు, వాటి మీద ఇనుప వాషర్లు, చుట్టూ సిలికాన్. సిలికాన్ ట్యూబుల్లో వెనిగర్ వాసన వచ్చేది లోహాన్ని తింటుంది, బోల్టుల దగ్గర అది వద్దు, వాసన రాని న్యూట్రల్ రకం అడిగి తీసుకోండి. బీడింగుకి వాజలైన్ రాయమని చాలామంది చెబుతారు, నేనూ రాశాను కొన్నాళ్లు. తలుపులకీ పెట్టెలకీ ఎక్కువగా వేసే ఈపీడీఎం అనే రబ్బరుకు పెట్రోలియం సరుకు పడదు, ఉబ్బి మెత్తబడుతుంది. సిలికాన్ గ్రీజు చిన్న డబ్బా దొరుకుతుంది, వేలి కొసతో పలచగా రాస్తే చాలు. బీడింగు పని చేస్తోందో లేదో చూడాలంటే ఒక కాగితం ముక్క మూతలో పెట్టి మూసి లాగండి. బిగుతుగా రావాలి. సులువుగా జారి వచ్చేస్తే అక్కడ రబ్బరు నొక్కుకుపోయి చప్పబడిందని లెక్క, బీడింగు మార్చడమే.

మా ఉప్పాడ వైపు ఇంకో బాధ ఉంది, ఉప్పు. కాకినాడ నుంచి ఉప్పాడకు సముద్రం పక్కనే వచ్చే రోడ్డు తెలిసినవాళ్లకు తెలుసు, పోటు మీద అల రాళ్లకు కొట్టుకుని రోడ్డు మీదకు వస్తుంది. ఆ తుంపర ఆరాక బీడింగు మీద తెల్లటి పొరలా మిగులుతుంది, చేత్తో రాస్తే గరగరలాడుతుంది. ఆ గరుకు మీద మూత ఎంత నొక్కినా సందే. పైగా ఉప్పు గాల్లో తేమ లాక్కుంటుంది. వారానికోసారి మంచినీళ్ల గుడ్డతో బీడింగు, తాళం, గొళ్లెం తుడిస్తే చాలు. తుడవడం అన్నాను, వాటర్ సర్వీసింగ్ అనలేదు. ఆ గన్‌తో అతుకు మీదికి తిన్నగా కొడితే ఎంత మంచి బీడింగైనా పక్కకు ఒరుగుతుంది. సర్వీసింగ్‌కి ఇచ్చే ముందు పెట్టెలు ఊడదీసి ఇంట్లో పెట్టుకోండి.

మా నాన్నగారు సైకిల్ మీద తిరిగేవారు, వెనక క్యారియర్ మీద రేకు ట్రంకు పెట్టె, దాని మీద బరకం ముక్క. ఆ పెట్టెకు రబ్బరూ లేదు, ఏమీ లేదు. చీరలు తడిసినట్టు ఆయన చెప్పగా నేనెప్పుడూ వినలేదు. ఈ పరీక్షలన్నీ అయ్యాక ఆ పెట్టె మళ్లీ తీసి చూశాను, ఇప్పుడు అందులో మా ఆవిడ పాత పట్టాలు, రేషన్ కార్డులు పెట్టుకుంటోంది. దాని మూత అంచు పెట్టె మీదుగా అంగుళం కిందికి దిగి ఉంటుంది, పెంకుటింటి చూరు గోడ దాటి ముందుకు వచ్చినట్టు. నీళ్లు జారి బయటే పడతాయి, లోపలికి రావాలంటే పైకి ఎక్కాలి. ఇప్పటి సైడ్ బాక్సు రెండు చిప్పల్లా నడిమికి తెరుచుకుంటుంది, అతుకు నేరుగా నీళ్లకు ఎదురుగా ఉంటుంది, భారమంతా ఆ రబ్బరు మీదే. పాతదంతా బంగారం అనడం లేదు, ఆ ట్రంకు పెట్టె బండికి కట్టి హైవే మీద వెళ్లమంటే నేను వెళ్లను, గాలివాటుకు అడ్డంగా కొట్టే వాన ఆ చూరు కిందనుంచి కూడా వస్తుంది. కానీ కొత్త పెట్టె కొనేటప్పుడు మూత అంచు బయటికి దిగి ఉందా, లోపల గట్టు ఉందా అని చూడటంలో తప్పులేదు కదా. టాప్ బాక్సుల్లో కొన్నిటికి ఉంటుంది, అందుకే నా టాప్ బాక్సు మూత కారలేదు.

ఇన్ని చేశాక కూడా నేను పెట్టెను నమ్మను. చీరల్ని ముందు పాత కాటన్ పంచెలో చుడతాను, పట్టునీ జరీనీ నేరుగా ప్లాస్టిక్‌లో పెడితే ఉక్కకు నల్లబడుతుందని మగ్గాల వాళ్లు మొదటినుంచీ చెబుతారు. దాని మీద యూరియా బస్తా లోపల వచ్చే పల్చటి కవరు, బాగా కడిగి ఆరబెట్టింది, మూతి మెలిపెట్టి మడిచి రబ్బరు బ్యాండు. డబ్బులున్నవాళ్లు మూతి చుట్టలు చుట్టి క్లిప్పు పెట్టే డ్రై బ్యాగులు కొనుక్కోవచ్చు, పని ఒకటే. పెట్టె అడుగున సింకులో గిన్నెల కింద వేసే ప్లాస్టిక్ జల్లెడ చాప కత్తిరించి వేశాను, అరంగుళం ఎత్తు. ఒకవేళ నీళ్లు చేరినా చీర కాళ్లు తడవవు. సాయంత్రం ఇల్లు చేరగానే కవరు విప్పి చీరలు బయటపెట్టేస్తాను, రాత్రంతా అందులో ఉంచను.

తడిసిన రెయిన్‌కోటు మాత్రం చచ్చినా సరుకున్న పెట్టెలో పెట్టకండి. వాన తగ్గింది కదా అని చాలామంది మడిచి అందులోనే తోస్తారు, నేనూ అంతే చేసేవాణ్ని. ఎంత దులిపినా దాని మడతల్లో పావు లీటరు నీళ్లుంటాయి, అది పెట్టి తాళం వేసి ఎండలో నిలిపితే లోపల ఇడ్లీపాత్రే. అక్కడ సిలికా జెల్ పొట్లాలు వేసి లాభం లేదు, అది పీల్చేదే తన బరువులో మూడో వంతు, అయిదు గ్రాముల పొట్లం గ్రామున్నర పైచిలుకు నీళ్లు తాగి అలసిపోతుంది. పొడి పెట్టెలో మిగిలిన కాస్త తేమకు పనికొస్తుంది, అంతే. రెయిన్‌కోటుకు బయట ఒక వల సంచి కట్టుకోండి.

తునిలో టీ కొట్టు దగ్గర మందుల కంపెనీ రిప్రజెంటేటివ్ ఒకాయన కలిశాడు, ఆయనదీ ఇదే గోల, శాంపిల్ స్ట్రిప్పుల అట్టపెట్టెలు ఉబ్బిపోయి డాక్టర్ ముందు పెట్టడానికి సిగ్గేసిందట. పేపరు పరీక్ష చెప్పాను. మర్నాడు ఫోన్ చేసి, తనది తాళంచెవి పెట్టే రంధ్రంలోంచి వస్తోందని చెప్పాడు. ఆ రంధ్రానికి ఉండే చిన్న మూత ఎప్పుడో ఊడిపోయిందట, అలాంటి మూత ఒకటుండేదని కూడా మర్చిపోయాడు.

కాబట్టి ఎడిటర్ గారూ, నేను అడిగేవి రెండే. ఒకటి, వచ్చే ఆదివారం చిన్నగా అయినా సవరణ వేయండి, హార్డ్ బాక్సు దెబ్బలకు గట్టి, దొంగలకు గట్టి, వానకు ఎంత గట్టో నీళ్లు పోసి చూసుకోవాలి అని. రెండు, బాక్సులు అమ్మేవాళ్ల ప్రకటనలు మీ దగ్గరా వస్తుంటాయి. వాటర్‌ప్రూఫ్ అని వేసినచోట ఐపీ ఎంత అని ఒక్క మాట అడగండి. అంకె లేకపోతే ఆ మాట తీసేయమనండి. కొనేవాళ్లు కూడా షాపులోనే ఒక బక్కెట్ నీళ్లు అడగండి, మీ చేతిలో పేపరు ఎలాగూ ఉంటుంది. పోయనివ్వకపోతే పక్క షాపుకి వెళ్లండి. నాలాగా బిల్లు కట్టేసి మోసపోయినవాళ్లు బిల్లు దాచుకుని, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. నేను చేసి నంబరు తీసుకున్నాను, ఇంకా తేలలేదు, తేలితే మళ్లీ రాస్తాను.

పరీక్షకు వాడిన పేపర్లు ఆరబెట్టి దాచాను, మచ్చల చుట్టూ పెన్నుతో గీసి తేదీలు వేశాను. ఆ షాపాయనకు చూపించడానికి. క్రీమ్ చీర మా ఆవిడ తీసుకుంది. మొన్న పెద్దాపురంలో పెళ్లికి కట్టుకెళితే ఒకావిడ అంచు పట్టుకుని, ఈ గులాబీ షేడింగ్ ఎక్కడ నేయించారండీ అని అడిగిందట. ఈవిడ పిఠాపురం అని చెప్పి వచ్చింది. ఇప్పుడు అలాంటిదే ఇంకొకటి కావాలని ఫోన్లు చేస్తోంది ఆవిడ, నేనేం చెప్పేది?

ఇట్లు,
చీరల వ్యాపారి, మీ పాఠకుడు,
పిఠాపురం, కాకినాడ జిల్లా